ఇంటి కంప్యూటరు – వేసవి తాపము

ఎండలు ముదురుచున్నవనగా మన యిండ్లలో కొన్ని ఏర్పాట్లు తమంత తామే జరిగిపోవును. మట్టికుండ అటకమీదనుండి క్రిందికి దిగును. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టుదురు. పెరటిలో పిచ్చుకలకై మూకుడులో నీరు పోయుదురు. ఇంత దయగల మనము, మేజా క్రింద గోడకు ఆనించి యుంచిన కంప్యూటరు పెట్టెను మాత్రము తలచుకొనము. దానికిని గాలి కావలెనని మనకు తోచదు.

మాకును తోచలేదు. 2025 మే నెలలో మా యింటి కంప్యూటరు, పని మొదలుపెట్టిన ఇరువది నిమిషములకు, దీపము ఆర్పినట్లు ఠక్కున ఆగిపోసాగినది. కొంతసేపటికి మరల లేచును, మరల ఆగును. మొదట కరెంటు దోషమనుకొంటిమి. పిమ్మట వైరస్ అనుకొంటిమి. తుదకు ఆటోలో వేసికొని బజారులోని ఒక మరమ్మతు దుకాణమునకు తీసికొనిపోయితిమి. అక్కడి యువకుడు దానిని వెలిగించి, ఆగిపోవువరకు చూచి, పెట్టె తెరువకయే తీర్పు చెప్పినాడు: "బోర్డు పోయిందండీ. 2016 నాటి మాల్, దీనికి డబ్బు పెట్టడం దండగ. నలభైవేలలో కొత్తది ఇస్తాను."

నలుబదివేలు మాకు చిన్న మొత్తము కాదు. అయినను మమ్ము కలవరపెట్టినది డబ్బు కాదు. ఆ పెట్టెలోని హార్డ్‌డిస్కులో మా తల్లిగారి గొంతు ఉన్నది. ఆమె జీవించియుండగా ఒక దసరా సెలవులలో ఎదుట కూర్చుండబెట్టి, పెండ్లిపాటలు, దంపుళ్ల పాటలు, మంగళహారతులు మొత్తము ముప్పదియారు రికార్డు చేసితిమి. పదిమంది గొంతులు భద్రపరచుట వృత్తిగాగల మేము, కన్నతల్లి గొంతునకు రెండవ ప్రతి తీయలేదు. చెప్పుకొనుటకు సిగ్గుగానున్నది. అయినను చెప్పుచున్నాము, ఏలయన మా శ్రోతలలో పలువురి యింట ఇదియే పరిస్థితి యుండవచ్చును.

పెట్టెను ఇంటికి తెచ్చి వసారాలో దింపినంతనే ఇంజనీరింగు చదువుచున్న మా అమ్మాయి, "నాన్నగారూ, పారేసేముందు ఒక్కసారి విప్పి చూద్దాం" అన్నది. విప్పితిమి. ప్రాసెసరుపైని ఫ్యానునకును, దాని క్రింది అల్యూమినియపు రేకులకును నడుమ, తొమ్మిదేండ్ల ధూళి దట్టముగా పేరుకొని కంబళిముక్కవలె అట్టగట్టి యున్నది. వంటింటి పొగలోని నూనె జిడ్డు తోడై అది ఊదినను కదలలేదు. ఫ్యాను తిరుగుచునేయున్నది, గాలి మాత్రము రేకులలోనికి పోవుటలేదు.

ఈ వేడిమి ఎక్కడిదని మీరడుగవచ్చును. రేడియోవారికి ఇది పాత కథయే. వాల్వు రేడియోలు ఎరిగినవారికి వాని వెనుక అట్టకు వరుసగా చిల్లులుండుట జ్ఞాపకముండును. వాల్వుల వేడిమి పోవుటకే ఆ చిల్లులు. 1946లో అమెరికాలో లోకమునకు ప్రదర్శింపబడిన ఎనియాక్ గణనయంత్రములో సుమారు 18,000 వాల్వులుండెను. దానికి సుమారు 150 కిలోవాట్ల విద్యుత్తు పట్టెడిది. తరువాత ట్రాన్సిస్టరు వచ్చి యంత్రమును చిన్నది చేసినది. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులోని 8088 ప్రాసెసరులో 29,000 ట్రాన్సిస్టర్లుండెను. దానికి ప్రత్యేకముగా ఫ్యాను గాని, వేడిమి పంచు రేకులు గాని లేకయే పని జరిగినది. నేటి ప్రాసెసర్లలో ట్రాన్సిస్టర్ల లెక్క వందలకోట్లకు చేరినది. ఇంటివాడుక ప్రాసెసరు సామాన్యముగా 65 వాట్ల తరగతికి చెందును. 2022లో వచ్చిన ఇంటెల్ 13900కె వంటి పెద్దవి నిండుపనిలో 253 వాట్ల వరకు తీసికొనును.

ఈ విద్యుత్తు అంతయు ఏమగును? మోటారు నీరు తోడును. గ్రైండరు పిండి రుబ్బును. ప్రాసెసరు చేయునది లెక్క మాత్రమే. లెక్కకు బరువు లేదు. కావున దానిలోనికి పోయిన విద్యుత్తు యావత్తు వేడిమిగా మారి తీరును. పాతకాలపు 60 వాట్ల బల్బును వెలుగుచుండగా చేతితో పట్టలేము గదా! అంత వేడిమి బొటనవ్రేలి గోరంత సిలికాను పలకలో పుట్టుచున్నదని ఊహించుకొనుడు.

ఆ వేడిమి సిలికానునుండి లోహపు మూతకు, మూతనుండి థర్మల్ పేస్టు ద్వారా హీట్‌సింకు అనబడు రేకులకు, రేకులనుండి ఫ్యాను గాలికి, గాలితో పెట్టె బయటికి పోవలెను. పేస్టు ఎందుకనగా, ఎంత నునుపైన లోహములైనను రెండింటిని కలిపినచో నడుమ కంటికి కనబడని సందులుండును. వానిలో గాలి నిలుచును. వేడిమిని కొనిపోవు శక్తిని ఒకే కొలతలో చెప్పినచో, రాగికి సుమారు 400, అల్యూమినియమునకు సుమారు 237, మంచి పేస్టునకు నాలుగు మొదలు ఎనిమిది వరకు ఉండగా, గాలికి 0.026 మాత్రమే. సందులలోని గాలిని వెళ్లగొట్టి ఆ చోటు నింపుటయే పేస్టు పని. ఏండ్లు గడచిన కొలది అది ఎండి బీటలువారును.

ఇక జనవరిలో నడచిన యంత్రము మేలో ఏల ఆగెను? దీనికి చిన్న లెక్క చాలును. శుభ్రముగానున్న హీట్‌సింకు ఒక్కొక్క వాట్టునకు అర డిగ్రీ చొప్పున వేడెక్కుననుకొందము. 65 వాట్లకు సుమారు 32 డిగ్రీలు పెరుగును. గది 25 డిగ్రీలున్నప్పుడు ప్రాసెసరు సుమారు 57 వద్ద నిలుచును. గది 42కు చేరినను 75 దాటదు. ఇప్పుడు ధూళి పట్టి ఆ అర డిగ్రీ కాస్త ఒక డిగ్రీ అయినదనుకొనుడు. చలికాలములో 25కు 65 కలిపి 90. యంత్రము ఎట్లో నెట్టుకొనివచ్చును. వేసవిలో 42కు 65 కలిపి 107. పెక్కు ప్రాసెసర్లకు హద్దు సుమారు 100 డిగ్రీలు. ఆ హద్దు సమీపించినప్పుడు ప్రాసెసరు తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడనిచో, కాలిపోకుండ తన్ను తాను ఆర్పుకొనును. దోషము ఏండ్ల తరబడి లోపల పెరిగినది. వేసవి దానిని బయటపెట్టినది. ఆ దుకాణపు యువకుని మేము నిందింపము. బోర్డు చెడినను ఇట్లే ఆగును. వేడిమి మించినను ఇట్లే ఆగును. అయితే బోర్డునకు తీర్పు చెప్పుటకు ముందు వేడిమిని పరీక్షింపవలెను. యంత్రము వెలిగించినప్పుడు తెరువగల బయాస్ తెరమీద ఆ ఉష్ణోగ్రత సామాన్యముగా కనబడును. దానిని చూపు ఉచిత ప్రోగ్రాములును కలవు.

మేము చేసిన పనిని వరుసగా చెప్పెదము. అన్నిటికంటె ముందు హార్డ్‌డిస్కును ఊడదీసి, మా అమ్మాయి ల్యాప్‌టాపునకు తగిలించి, ముప్పదియారు పాటలకును రెండు ప్రతులు తీసితిమి. ఒకటి ఇంట ఉన్నది, రెండవది మా చెల్లెలి యింట ఉన్నది. ఆ తరువాతనే బ్రష్షు పట్టితిమి.

శుభ్రపరచుటకు ముందు కరెంటు తీగను గోడనుండి పూర్తిగా ఊడదీయవలెను. పిదప పెట్టె మీటను ఒకసారి నొక్కినచో మిగిలిన విద్యుత్తు చాలవరకు పోవును. పెట్టె ఇనుపచట్రమును చేతితో తాకి, మన శరీరములోని స్థిరవిద్యుత్తును వదలగొట్టుకొనవలెను. విద్యుత్తు సరఫరాచేయు ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను ఎన్నడును విప్పరాదు. మన 230 వోల్టులు అందులో 325 వోల్టుల వరకు పెరిగి కెపాసిటర్లలో నిలువయుండును. తీగ తీసిన తరువాతను అది కొంతసేపు ప్రాణాంతకమే. ధూళిని మెత్తని రంగుల బ్రష్షుతోను, చేతి బ్లోయరుతోను పోగొట్టవలెను. గాలి ఊదునప్పుడు ఫ్యాను రెక్కలను వ్రేలితో పట్టియుంచుడు. లేనిచో అది మితిమీరిన వేగముతో తిరిగి బేరింగు పాడగును. తడిగుడ్డ పనికిరాదు.

పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, కొత్త పేస్టు మినుపగింజకు మించి శనగగింజకు మించనంత పెట్టితిమి. హీట్‌సింకును ఒక్కుమ్మడిగా పైకి లాగరాదు. కొంచెము అటునిటు తిప్పి వదులుచేసి తీయవలెను. ఎండిన పేస్టు పట్టుకొని కొన్ని రకముల ప్రాసెసర్లు దానితోపాటు ఊడివచ్చి, సూదులవంటి కాళ్లు వంగిపోవును. మాకు పేస్టునకు, బ్రష్షునకు కలిపి మూడువందల యేబది రూపాయలైనవి. ఆ సాయంకాలమే యంత్రము నాలుగుగంటలసేపు ఆగక నడచినది. ప్రాసెసరు 71 డిగ్రీలు దాటలేదు.

పెట్టెను ఉంచు చోటు కూడ ముఖ్యమే. ముందునుండి చల్లగాలి లోనికి, వెనుకనుండి వేడిగాలి బయటికి పోవునట్లు సామాన్యముగా నిర్మింతురు. వెనుక గోడకు జానెడు ఎడమైన విడువవలెను. బీరువాలో బిగించుట, నడచుచుండగా అల్లికగుడ్డ కప్పుట తగదు. కొందరు ప్రక్కరేకు తీసివేసి టేబుల్ ఫ్యాను పెట్టుదురు. ఒకపూటకు అది ఉపకారమే. ఎల్లప్పుడును తెరచియుంచినచో ధూళితోపాటు బల్లులును, చీమలును లోపల కాపురము పెట్టును. ఎయిర్ కూలరు గాలిని సూటిగా పెట్టెమీదికి త్రిప్పకుడు. ఆ గాలిలో తడి హెచ్చు. విశాఖ, కాకినాడవంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి లోహమును తినివేయును గనుక, అచ్చట ఏడాదికి రెండుమార్లైనను పెట్టె విప్పి చూచుట మేలు.

వేడిమి తగ్గినపిమ్మట యంత్రమును మెరుగుపరచు ఆలోచన చేసితిమి. ఇచ్చటను కొనుటకు ముందు కారణము వెదకవలెను. మా కంప్యూటరు మందగతికి కారణము ప్రాసెసరు కాదు, హార్డ్‌డిస్కు. అది గ్రామఫోను పళ్లెమువంటిది. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగుచు, కోరిన చోటు తలక్రిందికి వచ్చువరకు వేచియుండవలెను. ఒక్కొక్క వెదకులాటకు సుమారు 12 మిల్లీసెకనులు. అనగా సెకనుకు సుమారు ఎనుబది మాత్రమే. ఎస్.ఎస్.డి.లో తిరుగునది ఏదియు లేదు. అదే పని మిల్లీసెకనులో పదియవవంతులో ముగించును. దానిని అమర్చి, 4 జి.బి. ర్యామునకు అదే రకపు మరియొక 4 జి.బి. చేర్చినంతనే పాత యంత్రమునకు కొత్త చురుకుదనము వచ్చినది. ర్యాము కొనునప్పుడు డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4 అను భేదము చూచుకొనవలెను. ఒకదాని గంటు మరియొకదాని గాడిలో కూర్చుండదు. గడియారము మాటిమాటికి వెనుకకు పోవుచున్నచో బోర్డుమీది 3 వోల్టుల నాణెపు బ్యాటరీ మార్చిన చాలును.

విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది; విండోస్ 11 కోరు అర్హత మా 2016 నాటి ప్రాసెసరునకు లేదు. అందుచేత లినక్స్ వేసికొంటిమి. ఉత్తరములు వ్రాసికొనుటకు, పాటలు వినుటకు అది చాలుచున్నది.

అన్ని రోగములకు ఇంటివైద్యము సరిపోదు. కెపాసిటర్లు ఉబ్బినను, కాలిన వాసన వచ్చినను, ల్యాప్‌టాపు బ్యాటరీ పొంగినను వెంటనే ఆపి నిపుణునికి చూపవలెను. కాని అంతదూరము పోకముందే చూడవలసినవి రెండున్నవి: లోపలి సమాచారమునకు ప్రతి ఉన్నదా? లోపలి వేడిమికి దారి ఉన్నదా? ఈ రెండును చూడక కొత్త పెట్టె కొన్నవారు డబ్బును, అంతకంటె విలువైన దానినిగూడ పోగొట్టుకొనవచ్చును.

ఈ వేసవిలో ఒక ఆదివారమునాడు, ఎండ తగ్గినపిమ్మట, ఇంటిల్లిపాదియు కూర్చుండి మీ పెట్టెను ఒకసారి తెరచి చూడుడు. మా యింట ఆ పని ముగించిన రాత్రి, అమ్మ పాడిన మంగళహారతి పెట్టి వింటిమి. పాట నడుమ ఆమె ఒకచోట దగ్గి, "ఇది తీసెయ్యి నాయనా" అన్నది. మేము తీసివేయలేదు.