సిస్టరు ఛాతీ మీద ఆ బ్యాడ్జి ఎందుకు?

అవనిగడ్డ వైపు నుండి వచ్చిన ఒక పెద్దమ్మ ఎక్స్‌రే గది దగ్గర నన్ను నిలదీసింది. "సిస్టరమ్మా, మీరేమో తాయెత్తు కట్టుకుని గోడ చాటుకు పోతారు. నా మనవణ్ణి మాత్రం లోపల పడుకోబెడతారా?"

అడగవలసిన మాటే. ఆమె తాయెత్తన్నది టి.ఎల్.డి. బ్యాడ్జి. అది కిరణాలను ఆపదు, తగిలినవాటి లెక్క చెబుతుంది, అంతే. లోపల మూడు చిన్న బిళ్ళలుంటాయి. కాల్షియం సల్ఫేటులో డిస్ప్రోసియం అనే లోహం కొద్దిగా కలిపి చేస్తారు. కాలు విరిగితే వేసే సిమెంటు కట్టు పొడి కూడా కాల్షియం సల్ఫేటే! తగిలిన కిరణాల శక్తి కొంత బిళ్ళలో చిక్కుకుంటుంది. మూడు నెలలకోసారి ల్యాబులో వేడి చేస్తే అది వెలుగై బయటికొస్తుంది. ఆ వెలుగును కొలిచి మోతాదు చెబుతారు.

ఒకసారి నేను బ్యాడ్జిని ఎక్స్‌రే గదిలోనే మరచి ఇంటికెళ్ళాను. నాకు తగలని మోతాదు నా పేరున పడింది, సంజాయిషీ రాసుకున్నాను.

మాకు ఐదేళ్ళ సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు దాటకూడదు. రోజూ అక్కడే ఉంటాం గనుక గోడ చాటు. బిడ్డకు ఛాతీ ఎక్స్‌రేలో తగిలేది, నేల నుండి, ఆకాశం నుండి కొద్దిరోజుల్లో మనందరికీ ఎలాగూ తగిలేటంత.

అయితే బిడ్డను పట్టుకునేవారికి బ్యాడ్జి ఉండదు. నెల తప్పినా ముందే చెప్పండి. ఆరోజు కోడలు బిడ్డనెత్తుకుని లోపలికి రాబోతుంటే అడిగాను. అత్తగారి వైపు చూసి, "రెండో నెల" అంది. సీసపు ఏప్రాన్ వేసుకుని మనవణ్ణి పెద్దమ్మే పట్టుకుంది.