ఊపిరితిత్తులు మనవి, రిపోర్టు ఎవరిది?

(రాతి క్వారీ, క్రషర్ కార్మికుల సభలో చేసిన ప్రసంగానికి రాత రూపం)



నన్ను 'పనిచేసే చోట ఆరోగ్యం – పరిశోధన' గురించి మాట్లాడమన్నారు. కరపత్రంలో కూడా అదే వేశారు. ఇక్కడ ముందు వరసలో కూర్చున్న వాళ్ళు క్రషర్ దగ్గర్నించి నేరుగా వచ్చినట్టున్నారు. కనుబొమల మీద ఇంకా తెల్లపిండి ఉంది. పరిశోధన పెద్దమాట, మనకెందుకులే అని మీకు అనిపించొచ్చు. కానీ మనలాంటి వాళ్ళ ఊపిరితిత్తుల మీద పరిశోధన వందేళ్ళ నుంచీ జరుగుతానే ఉంది. మనకు చెప్పలేదు, అంతే.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా మేనమామ పదమూడేళ్ళు క్రషర్‌లో పనిచేశాడు. మిషను నోట్లో రాయి వేసే పని. మొదట పొడిదగ్గు, తర్వాత ఆయాసం. ఆసుపత్రికి పోతే చీటీ మీద టి.బి. అని రాశారు. ఆరునెలలు మందు మింగాడు. గళ్ళ పరీక్ష చేస్తే పురుగు లేదన్నారు. అయినా మళ్ళీ అదే మందు. ఆఖర్న పడుకుంటే ఊపిరాడక గోడకానుకుని కూర్చునే నిద్రపోయేవాడు. నలభై రెండేళ్ళకే పోయాడు. ఈ మధ్యలో నలుగురు డాక్టర్లు చూశారు. బీడీ తాగుతావా అని నలుగురూ అడిగారు. సారా తాగుతావా అని ఇద్దరు అడిగారు. ఏం పని చేస్తావయ్యా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

ఆ ఒక్క ప్రశ్న అడగాలని డాక్టర్లకు మూడు వందల ఏళ్ళ కిందటే చెప్పినాయన ఉన్నాడు. ఇటలీ దేశంలో రామజ్జిని అనే వైద్యుడు. మోదెనా అనే ఊళ్ళో ఆయన ఇంటి దొడ్డిగుంట ఎత్తటానికి ఒక పనివాడు వచ్చాడు. వాడు ఊపిరి సలపకుండా హడావుడిగా ఎత్తుతుంటే ఎందుకయ్యా ఇంత తొందర అని ఈయన అడిగాడు. ఎక్కువసేపు ఇందులో ఉంటే కళ్ళు పోతాయి, చేసేవాడికే తెలుస్తుంది అని ఆ పనివాడు చెప్పాడు. రామజ్జిని ఆ మాట పట్టుకుని పోయి ఊళ్ళో పాకీ పనివాళ్ళ కళ్ళు చూశాడు. తర్వాత గని పనివాళ్ళనూ, రాయి కొట్టేవాళ్ళనూ, తోళ్ళు శుద్ధి చేసేవాళ్ళనూ చూసి 1700లో పుస్తకం వేశాడు. రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో 'నువ్వు ఏం పని చేస్తావు' అనేది కూడా చేర్చాలన్నాడు. వృత్తి రోగాల శాస్త్రానికి ఆయన్నే ఆద్యుడంటారు. నేనైతే ఆ పాకీ పనివాడితో మొదలైందంటాను. అతని పేరు ఎవరూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు ఈ తెల్లపిండి సంగతి. రాతిలో సిలికా ఉంటుంది. పలుగురాయిలో దాదాపు మొత్తం అదే, గ్రానైటులో కూడా బాగానే ఉంటుంది. రాయి పగిలినప్పుడు కంటికి కనపడే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది, దగ్గితే, చీదితే పోతుంది. చంపేది కంటికి కనపడని దుమ్ము. అది ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. దాన్ని మింగి శుభ్రం చేద్దామని వచ్చిన మన ఒంటి కణాలే చచ్చిపోతాయి. ఆ చోట మచ్చ కడుతుంది. మచ్చ పక్కన మచ్చ కట్టి ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది. దీన్ని సిలికోసిస్ అంటారు. మందు లేదు. పని మానేసినా లోపల పెరగటం ఆగకపోవచ్చు. మనం ముక్కుకు కట్టుకునే తుండుగుడ్డ ఈ సన్నదుమ్మును ఆపదు. ఆపగలిగింది నీళ్ళు. రాయి తడిపి కొట్టటం, మిషనుకు మూత పెట్టటం, దుమ్మును అక్కడికక్కడే పీల్చేసే గొట్టం పెట్టటం. ఇవేవీ కొత్తగా కనిపెట్టాల్సినవి కావు.

టి.బి.కి దీనికి చుట్టరికం ఉంది. సిలికోసిస్ ఉన్నవాడికి టి.బి. తొందరగా పట్టుకుంటుంది. అందుకని ప్రతి టి.బి. చీటీ అబద్ధమని నేననటం లేదు. గళ్ళలో పురుగు కనపడితే మందు మానొద్దు, పూర్తిగా వాడండి. నేననేది ఏందంటే, టి.బి. అని రాసి అక్కడితో ఆపేస్తే ఆ చావుకు జవాబుదారీ ఉండదు. పురుగొచ్చింది, పోయాడు. తిండి లేక పోయాడు, తాగి పోయాడు. అదే సిలికోసిస్ అని రాస్తే ఆ దుమ్ముకు ఒక యజమాని ఉంటాడు. 1923 నాటి నష్టపరిహార చట్టం పట్టికలో ఆ జబ్బు ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద ఆ జబ్బు కనపడితే డాక్టరు ఇన్‌స్పెక్టరుకు తెలియజేసి తీరాలి. ఆ చట్టాలు పోయి 2025 నవంబరులో కొత్త కోడ్‌లు అమల్లోకి వచ్చినా జాబితాలో సిలికోసిస్ ఉంది. ఉండి ఏం లాభం? కరెంటుతో నడిచే చోట పాతచట్టంలో పది మంది ఉంటే ఫ్యాక్టరీ, కొత్తదాంట్లో ఇరవై మంది ఉండాలి. మస్టరులో ఎంతమంది పేర్లుంటాయో, పనిలో ఎంతమంది ఉంటారో నాకన్నా మీకే బాగా తెలుసు.

ఇక పరిశోధనల దగ్గరకు వద్దాం. మనకు దగ్గర్లోదే, కోలారు బంగారు గనులు. చిత్తూరు జిల్లా నుంచీ, ఆర్కాటు నుంచీ మన మనుషులు మూటాముల్లె సర్దుకుని అక్కడికి పోయారు. లోపలికి దిగినవాళ్ళలో ఎక్కువమంది ఆది ద్రావిడులు, మనోళ్ళే. 1880లో ఇంగ్లీషు కంపెనీ తవ్వటం మొదలుపెట్టింది. మన దేశంలో సిలికోసిస్‌ను మొదట బయటపెట్టింది కోలారు రిపోర్టే అని డాక్టర్లు చదువుకునే పుస్తకాలు చెప్తాయి. అది ఎప్పుడొచ్చింది? 1947లో. 7,653 మందిని పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా జబ్బు. తవ్వటానికీ లెక్కకూ మధ్యన అరవై ఏడేళ్ళు. తాతలు పోయారు, తండ్రులు పోయారు, మనవళ్ళు గనిలోకి దిగాక లెక్క తేలింది. 2001లో గని మూసేశారు.

ఆ మధ్యలో శాస్త్రం నిద్రపోతుందా అంటే, లేదు. 1930లో దక్షిణాఫ్రికా జోహనెస్‌బర్గ్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిలికోసిస్ మీదనే పెద్ద సభ పెట్టింది. దేశదేశాల డాక్టర్లు వచ్చారు. ఆ ఊరి కిందనే అప్పట్లో ప్రపంచంలో పెద్ద బంగారు గనులుండేవి. లోపల రాయి కొట్టేది నల్లవాళ్ళు, పై ఉద్యోగాలు తెల్లవాళ్ళవి. ఎక్స్‌రేలు తీశారు, పెన్షన్లు ఇచ్చారు. అయితే తెల్లవాడికి ఒక రేటు, నల్లవాడికి ఇంకో రేటు. చట్టంలో ఆ తేడా 1993 దాకా ఉంది.

అక్కడ ఇంకో మతలబు జరిగింది. నల్ల కార్మికుడు లెసోతో నుంచో, మొజాంబిక్ నుంచో ఒప్పందం మీద వస్తాడు. దగ్గు ముదిరితే ఒప్పందం అయిపోయిందని ఊరికి పంపేస్తారు. పరిశోధకుడు గని గేటు దగ్గర నిలబడి ఎక్స్‌రే తీస్తాడు. అక్కడ ఉన్నది ఎవరు? ఇంకా పనిచేయగలిగినవాడు. జబ్బు పడ్డవాడు ఎక్కడో కొండల్లో గుడిసెలో దగ్గుతున్నాడు. లెక్కలో జబ్బు కొంచెమే కనపడుతుంది. ఇట్లా ఎన్నో ఏళ్ళు, గనుల్లో పరిస్థితి బాగుందని చెప్పుకున్నారు.

1990లలో కొందరు పరిశోధకులు గేటు వదిలిపెట్టి ఊళ్ళకు పోయారు. ఈస్టర్న్ కేప్‌లో లిబోడే అనే చోట గని మానేసి వచ్చిన వాళ్ళను కూర్చోబెట్టి పరీక్షించారు. నూటికి 22 నుంచి 36 మంది దాకా జబ్బు. లెసోతోలో 624 మందిని చూస్తే నాలుగో వంతు మందికి సిలికోసిస్, ఇది 2008లో అచ్చయింది. ఈ లెక్కలు కోర్టులో పనికొచ్చాయి. 2016లో జోహనెస్‌బర్గ్ హైకోర్టు కార్మికులంతా కలిసి ఒకే దావా వేసుకోవచ్చంది. 2019లో కంపెనీలు రాజీకొచ్చాయి, సుమారు 500 కోట్ల రాండ్లకు. ఆ డబ్బు అందరికీ చేరిందని నేను చెప్పను. కాగితాలు దొరక్క, ఆఫీసుల చుట్టూ తిరగలేక పోయినవాళ్ళు ఉన్నారు. కానీ గేటు దగ్గర దొరకని నిజం ఊళ్ళో దొరికింది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

మన దేశానికి వద్దాం. మీరంతా చిన్నప్పుడు బలపం పట్టుకునే ఉంటారు. కొందరం కొరుక్కుని తిన్నాం కూడా. (నవ్వులు) ఆ బలపాలు ఎక్కువగా తయారయ్యే చోటు మధ్యప్రదేశ్‌లో మందసోర్. రాయిని రంపపు మిషనుతో సన్నగా కోస్తారు. మనం అ ఆలు దిద్దిన బలపం అక్కడిదే అయ్యుండొచ్చు. చదువు మనకు ఎన్ని వందల ఏళ్ళ తర్వాత అందిందో నేను చెప్పక్కర్లేదు. ఆ బలపం కోసినవాడి సంగతేంది?

అహమదాబాద్‌లో వృత్తి ఆరోగ్య పరిశోధన కోసం ప్రభుత్వ సంస్థ ఉంది, 1966లో పెట్టారు. వాళ్ళు పోయి 593 మంది బలపం పనివాళ్ళను పరీక్షించారు. 324 మందికి సిలికోసిస్. సగానికి పైన! అందులో 105 మందికి బాగా ముదిరి ఉంది. కొన్ని నెలల తర్వాత మళ్ళీ పోయి చూస్తే కొందరు లేరు, చనిపోయారు. ఇది 1985లో అమెరికా పత్రికలో ఇంగ్లీషులో అచ్చయింది. మంచి పరిశోధన, నేను తక్కువ చేయటం లేదు. దుమ్ము పీల్చే యంత్రాల గురించి కూడా అదే సంస్థ పనిచేసింది. ఆ రాష్ట్రంలో 1982లోనే బలపం కార్మికుల సంక్షేమ నిధికి చట్టం వచ్చింది. అయినా ఒక సంగతి నన్ను పీకుతానే ఉంటుంది. ఊరందరి పిల్లలకూ అక్షరాలు నేర్పే బలపం చేసినవాడు తన ఊపిరితిత్తుల గురించి రాసిన అక్షరం ఒక్కటి కూడా చదవలేడు.

మరి చదవలేనివాళ్ళు ఏం చేయగలరు? ఇదే మధ్యప్రదేశ్‌లో ఝాబువా, అలిరాజ్‌పూర్, ధార్ జిల్లాల ఆదివాసీలు చేసి చూపించారు. కరువొచ్చి గుజరాత్‌లో గోధ్రా, బాలాసినోర్ వైపు పలుగురాయి పొడి కొట్టే ఫ్యాక్టరీలకు పోయారు. కొన్ని నెలలు చేసినవాళ్ళు కూడా జబ్బుపడి ఇంటికొచ్చారు. ఇక్కడా టి.బి. అనే అన్నారు. అప్పుడు కార్మిక సంఘాల వాళ్ళు ఊరూరూ తిరిగి రాశారు. ఎవరు పోయారు, ఏ ఫ్యాక్టరీకి పోయారు, ఎన్నాళ్ళు చేశారు, ఎప్పుడు చచ్చిపోయారు. ఆ పేర్లు సుప్రీంకోర్టుకూ జాతీయ మానవ హక్కుల కమిషన్‌కూ చేరాయి. 2010లో కమిషన్, చనిపోయిన 238 మంది కుటుంబాలకు మూడేసి లక్షలు ఇమ్మని గుజరాత్ ప్రభుత్వానికి చెప్పింది. బతికున్న 304 మంది బాగోగులు చూడమని మధ్యప్రదేశ్‌కు చెప్పింది. గుజరాత్ ఇవ్వలేదు. 2016 మే 4న సుప్రీంకోర్టు ఇచ్చి తీరాలంది. 238 పేర్లు. ఎవడో పెద్ద ప్రొఫెసర్ రాసినవి కాదు, పొలంగట్ల మీద నడిచి రాసినవి.

అందుకని పరిశోధకులు వస్తే తరిమేయమని నేను చెప్పను. రానివ్వండి. 1943 డిసెంబరులో బాబాసాహెబ్ లేబర్ మెంబరుగా ధన్‌బాద్ వైపు బొగ్గుగనిలోకి స్వయంగా దిగి చూశారు. వచ్చేవాళ్ళను కూడా దిగి చూడమనండి. ఆఫీసు గదిలో మేనేజరు ఇచ్చిన టీ తాగి, ఆయన పిలిపించిన పదిమందిని పరీక్షించి పోతే కుదరదు. నేను చూసిన ఫారాల్లో వయసుంటుంది, బీడీ ఉంటుంది, ఎన్నేళ్ళ సర్వీసో ఉంటుంది. కంట్రాక్టరు పేరు ఉండదు. కులం ఉండదు. కులం ఎందుకు అంటారు. క్రషర్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది ఎందుకో. కాటా దగ్గర ఎవరు, లారీ చీటీ రాసేది ఎవరు, మిషను నోటి దగ్గర ఎవరు, కింద డస్టు ఎత్తే తట్ట ఎవరి నెత్తిన ఉందో చూడండి. దుమ్ము అందరికీ సమానంగా పంచిపెట్టలేదు. ఆడవాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. డస్టు ఎత్తేది వాళ్ళు, ఊడ్చేది వాళ్ళు, మస్టరులో లేనిది వాళ్ళు.

ఎక్స్‌రే తీస్తే ఫిల్ము మనకివ్వాలి. ఏముందో తెలుగులో రాసివ్వాలి. డాక్టరు చీటీ మీద మన పని ఏందో, ఎన్నేళ్ళు చేశామో రాయించుకోవాలి. రాయనంటే, ఎందుకు రాయరు సార్ అని అడగాలి. సిలికోసిస్ అని తేల్చటానికి ఎక్స్‌రే సగం, చేసిన పని వివరం సగం. ఆ రెండో సగం ఏ మిషనూ చెప్పలేదు, అది మన దగ్గరే ఉంది.

మొన్న ఒక పెద్దమనిషి అన్నాడు, ఇదంతా బయటపెడితే క్రషర్లు మూసేస్తారు, మీ వాళ్ళ పొట్ట కొట్టినవాడివవుతావు అని. నేను ఆలోచించాను. ఉత్తిమాట కాదది. రేపు పని లేకపోతే ఈ ముందు వరసలో వాళ్ళ పొయ్యి వెలగదు. మనం మూయమనటం లేదు, తడపమంటున్నాం. నీళ్ళ పైపుకూ మూతకూ అయ్యే ఖర్చుకు క్రషర్ మూతపడేటట్టయితే ఇన్నాళ్ళూ ఆ లాభం ఎక్కడినుంచి వచ్చినట్టు?

చివరగా ఒక పని. ఆ బల్ల మీద పొడుగు నోటుబుక్కు ఒకటి పెట్టాం. గీతలు గీసి ఉంది. పేరు, ఊరు, ఏ క్రషరు, ఏ కంట్రాక్టరు కింద, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, దగ్గు ఎప్పటినుంచి, ఆసుపత్రి చీటీ ఉందా. పనిలో ఉన్నవాళ్ళవే కాదు, మానేసి ఇంట్లో కూర్చున్నవాళ్ళవి కూడా రాయించండి. చనిపోయిన వాళ్ళకు వెనక పేజీలు వదిలాం. మొదటి పేరు మా మేనమామది రాశాను. రాయటం రానివాళ్ళు చెప్తే రాయటానికి మన హాస్టలు పిల్లలు ముగ్గురు కూర్చున్నారు. బుక్కు ఆదివారం దాకా ఇక్కడే పేటలో ఉంటుంది, తర్వాత పక్క ఊరికి పోతుంది. ఎక్స్‌రే ఫిల్ములు ఇంట్లో ఉంటే తీసుకురండి, వాటి నంబరు రాసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం.