ఆకాశమును చూచుటకు అర్జీ

(దరియాలతిప్పలో జరిగిన తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగపాఠము)



అర్జీ యనునది మనకు క్రొత్త కాదు. రేషను కార్డునకు అర్జీ, ఇంటిస్థలమునకు అర్జీ, పడవకు అర్జీ, పింఛనునకు అర్జీ. ఈ తిప్పపై అర్జీ వ్రాయించుకొనని యిల్లు ఉండదు. కాని ఆకాశమును చూచుటకు సైతము అర్జీ పెట్టుకొనవలయునన్నచో మీకు నవ్వు రావచ్చును. ఆకాశము అందరిదే, దానిని చూచు మహాసాధనములు మాత్రము కొలదిగా నున్నవి. వాని గంటలను పంచుకొనుటకే ఆ యర్జీ. దానిని గూర్చియే నేడు కొంత విన్నవింపదలచితిమి.

ఈ విషయమునే యెన్నుకొనుటకు కారణము కలదు. క్రిందటి సమావేశమున ఒక తండ్రిగారు మమ్ములను నిలిపి యిట్లడిగిరి: "పుదుచ్చేరి పాలనలో మనము పిడికెడు తెలుగువారము. ఈ తిప్పపై తెలుగున చదివిన పిల్లవాడు రేపు పెద్ద చదువుల వాకిట నిలిచినచో లోనికి రానిత్తురా?" ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. నేడు చెప్పుటకు యత్నించెదము.

నక్షత్రములును, గెలాక్సీలును, వాని నడుమనున్న వాయువును వెలుతురునే గాక రేడియో తరంగములను గూడ వెలువరించుచుండును. అవి కంటికి కానరావు; మిక్కిలి బలహీనమైనవి. వానిని పట్టుటకు మన దేశమున, మహారాష్ట్రలో పూనాకు ఉత్తరముగా సుమారు 80 కిలోమీటర్ల దూరమున, ఖోడద్ గ్రామము వద్ద ఒక మహాయంత్రము కలదు. దానిని జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు అందురు, క్లుప్తముగా జీ.ఎం.ఆర్.టీ. 1970లో ఊటీ కొండవాలుపై 530 మీటర్ల పొడవుగల రేడియో దూరదర్శినిని నిర్మింపజేసిన ఆచార్య గోవింద్ స్వరూప్ గారి నాయకత్వముననే యిదియు వెలసినది. ఇందు 30 పళ్ళెములు కలవు. ఒక్కొక్కదాని వ్యాసము 45 మీటర్లు, అనగా రెండు పొడవైన కొబ్బరిచెట్లను కొసకు కొస చేర్చినంత. పదునాలుగు పళ్ళెములు నడుమ గుంపుగా నుండగా, మిగిలిన పదునారును మూడు బాహువులుగా వ్యాపించియున్నవి. వాని యెడము 25 కిలోమీటర్ల వరకు నుండును. అన్నియు గలిసి ఒక్క మహానేత్రము వలె పనిచేయును.

మీకు ప్రీతి కలిగించు మాట యొకటి చెప్పెదము. ఆ పళ్ళెములు రేకుతో చేసినవి కావు. సన్నని ఉక్కుతీగతో అల్లిన వలలు! వల కన్ను 10 మొదలు 20 మిల్లీమీటర్ల వరకు నుండును. గాలి ఆ కన్నులగుండ సాగిపోవును గావున పెనుగాలికి పళ్ళెముపై భారము తగ్గును. అది పట్టు తరంగముల పొడవు కన్నుకంటె ఎన్నో రెట్లు పెద్దది. కనుక తరంగము తప్పించుకొనలేక, వలకు తగిలి మరలి, పైన నమర్చిన గ్రాహకమును చేరును. ఏ చేపకు ఏ కన్ను వల వేయవలయునో యెరిగిన మీకు ఈ సూత్రము వేరుగ బోధింప నక్కరలేదు.

ఈ యంత్రము 2002 నుండి ప్రపంచమందలి పరిశోధకులందరకు తెరచియున్నది. సంవత్సరమును ఏప్రిలు–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి యని రెండు భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు కొన్ని నెలల ముందుగనే అర్జీలు స్వీకరింతురు. ఉన్న గంటలకంటె అడుగు గంటలు అధికముగా నుండుట పరిపాటి. కావున అర్జీ యందు ఏమి వ్రాయుదురో చూడుడు.

మొదటిది ప్రశ్న. "ఆకాశము అందమైనది, చూడగోరుచున్నాము" అన్నచో చాలదు. ఏమి తెలిసికొనగోరుదురు, తెలిసిన దానివలన ఏ సందేహము తీరును అని స్పష్టముగా చెప్పవలయును. రెండవది, ఆ ప్రశ్నకు ఈ యంత్రమే యేల కావలయును? మూడవది, ఎన్ని గంటలు, ఏ లెక్కచొప్పున? ఇచ్చట ఒక చిక్కు కలదు. వినవచ్చు రొదను సగమునకు తగ్గింపవలెనన్న కాలము రెండింతలైన చాలదు, నాలుగింతలు కావలెను. పది గంటలు చాలునో, నలుబది కావలెనో లెక్క చూపవలసినదే. నాలుగవది, చూడదలచిన వస్తువు ఆకాశమున నెచ్చట నున్నది, ఎప్పుడు ఉదయించి ఎప్పుడు అస్తమించును? పోటుపాటు లెరుగక వేటకు బోయినవాని గతియే దీనిని మరచిన వానికిని. అడిగిన కాలములో కొంత 3సీ 286 వంటి, ముందే కొలత తెలిసిన జ్యోతులను చూచుటకు విడువవలయును. సరుకు తూచుటకు ముందు తక్కెడను సరిచూచుకొనుట వంటిది యిది.

పిదప ఆ శాస్త్రము నెరిగినవారు అర్జీలను పరిశీలింతురు. ఒక సంఘము గంటలను పంచును. అడిగినదంతయు దొరకవచ్చును, కొంత దొరకవచ్చును, ఏమియు దొరకకపోవచ్చును. దొరకనివారు అర్జీని సవరించి మరల పెట్టుకొందురు. ఒక నక్షత్రము అకస్మాత్తుగా ప్రేలినచో గడువుతో నిమిత్తము లేక అడుగుటకు వేరొక మార్గము గూడ కలదు. సంపాదించిన దత్తాంశములు పదునెనిమిది నెలలు అర్జీదారునివి. ఆ పిమ్మట అందరివి.

మంచి ప్రశ్న ఎంత దూరము పోగలదో చెప్పుటకు ఒక్క నిదర్శనము చాలును. సుమారు 800 కోట్ల సంవత్సరముల క్రిందట గెలాక్సీలలో హైడ్రోజను వాయువు ఎంత యుండెను అని మన దేశపు శాస్త్రజ్ఞులు ప్రశ్నించిరి. అంత దూరపు గెలాక్సీ ఒక్కదానిని విడిగా పట్టుట ఆ యంత్రమునకు సాధారణముగా సాధ్యము కాదు. కావున వారు 7,653 గెలాక్సీల సంకేతములను ఒకచోట చేర్చి సగటు కట్టిరి. ఖోడద్ యంత్రముతో సుమారు నూరు గంటలు పరిశీలించి సమాధానము సాధించి, 2020లో ప్రకటించిరి. ఒక్కొక్కటిగా వినరాని గొంతులు కలిసినప్పుడు వినబడినవి. పిడికెడు జనముగల మనకు ఈ మాట మరి కొంచెము దగ్గరగా తోచును.

మాకును ఒక యనుభవము కలదు. మన పాఠశాలకు సైన్సు గదియు, పరికరములును కావలెనని కొన్ని యేండ్ల క్రిందట ఒక కార్యాలయమునకు అర్జీ పంపితిమి. మూడు పుటలు నింపితిమి. మన భాష ఎంత ప్రాచీనమో, మనమెంత వెనుకబడి యున్నామో వ్రాసితిమి. ఎందరు పిల్లలు, ఏ ప్రయోగములు, ఎన్ని అడుగుల గది అను మాటలు మాత్రము వ్రాయలేదు. అర్జీ తిరిగి వచ్చెను. అల్పసంఖ్యాకులమని త్రోసివేసిరని చాలకాలము కుమిలితిమి. ఆ సందేహము నేటికిని పూర్తిగా తీరలేదు. కాని మా యర్జీలో అడుగవలసిన మాటయే లేకుండెనని ఒప్పుకొనక తప్పదు. మరుసటి యేడు ఒక్క పుటలో లెక్కతో వ్రాసితిమి. పరికరములలో సగము వచ్చినవి. గది యింకను రాలేదు. మరల వ్రాయుదుము.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్నకు వత్తుము. చిలీ దేశమున 66 యాంటెన్నాలతో ఆల్మా యను దూరదర్శిని కలదు. అచ్చట 2021 నుండి అర్జీదారుని పేరు, విద్యాలయము పరిశీలకులకు తెలియనీయక ప్రశ్ననే తూచు పద్ధతి నడచుచున్నది. పేరు చూచినచో తీర్పు ఒరుగునేమో యని గ్రహించియే ఆ పద్ధతి పెట్టిరి. తలుపులన్నియు నిట్లే తెరచియున్నవని మేము చెప్పము. ఈ అర్జీలు వ్రాయుట ఆంగ్లముననే యనుటయు దాచము. అందుకే మన బడిలో ఆంగ్లమును శ్రద్ధగా నేర్పుచున్నాము. కాని ప్రశ్న పుట్టునది బిడ్డ తల్లితో మాటలాడు భాషలో. అచ్చట పుట్టని ప్రశ్న ఆంగ్లమున వ్రాసినంత మాత్రమున పుట్టదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము మన తెలుగునేలపై పడినప్పుడు, దానిని చూచుటకై ఫ్రాన్సు నుండి జాన్సెన్ అను పండితుడు గుంటూరునకు వచ్చెను. సూర్యుని అంచున లేచు జ్వాలలను గ్రహణము లేకయే చూడవచ్చునని అచ్చటనే గ్రహించి, మరునాడే చూచెను. అప్పుడు మన యానాము ఆ ఫ్రాన్సు పాలనలోనే యుండెను. ఆనాడు ప్రశ్నతో వచ్చినవారు దూరదేశస్థులు. నేడు ప్రశ్నించువారు ఈ తిప్పనుండి బయలుదేరుటకు అడ్డు లేదు.

కావున మిమ్ము రెండు కోరుచున్నాము. బిడ్డ "ఎందుకు?" అని యడిగినప్పుడు కసరకుడు, తెలియనిచో తెలియదని చెప్పి మావద్దకు పంపుడు. వేటకు మనిషి చాలలేదని బడి మానిపింపకుడు. మావంతుగా ఈ యేడు మొదలు ప్రతి శనివారము ప్రతి బిడ్డయు ఒక ప్రశ్నను, దానిని తెలిసికొను దారిని, అందుకు కావలసిన సామగ్రిని తెలుగున ఒక పుటలో వ్రాయునట్లు చేయుదుము. పెద్ద తరగతులవారు దానినే ఆంగ్లమునను వ్రాయుదురు. సక్రమముగా అడుగుట నేర్చిన బిడ్డ ఏ వాకిటనైనను తల వంచక నిలువగలడు.