నీకు అర్థం కానిదేమిటి?



 సభాధ్యక్షుడంటే మాట్లాడేవాళ్లకు సమయం గుర్తుచేసేవాడని నాకు తెలుసు. అయినా మొదటి ఇరవై నిమిషాలూ నాకే ఇచ్చారు, వాడుకుంటాను.

ఈ రెండు రోజుల్లో చదవబోయే పత్రాల జాబితా రాత్రి అతిథి గృహంలో చూశాను. శీర్షికలో 'పరిశీలన' అన్న మాట లేని పత్రాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సమగ్ర పరిశీలన, విమర్శనాత్మక పరిశీలన, సామాజిక పరిశీలన. ఏమీ తోచనప్పుడు 'ఒక పరిశీలన'. ఎగతాళి చేయడం లేదు. నలభై ఏళ్ల కిందట నేను తీసుకెళ్లిన అంశం కూడా ఫలానా రచయిత నవలలు, సమగ్ర పరిశీలన. ఆ కాగితం నా పర్యవేక్షకుడి బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, "అన్నీ చదివావు కదా, బాగుంది. ఇందులో నీకు అర్థం కానిదేమిటి?" అన్నారు. నాకు జవాబు రాలేదు. అన్నీ అర్థమయ్యాయి కాబట్టే అంశం ఎంచుకున్నానని ఆయనకెలా చెప్పను? "అర్థం కానిది దొరికాక రావయ్యా" అని పంపేశారు.

నాలుగు నెలలు తిరిగాను. చివరికి ఎవరో చెబితే చీరాల దగ్గర వేటపాలెం వెళ్లాను. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం గురించి మీలో చాలామందికి తెలుసు. పాత పత్రికల ఫైళ్లకు అది పెట్టింది పేరు. అక్కడ చెదలు కొట్టిన ఒక సంపుటం విప్పితే, నాకు కంఠస్థం వచ్చిన నవల ధారావాహికగా కనిపించింది. ముగింపు మాత్రం వేరు. పుస్తకంలో చచ్చిపోయిన మనిషి పత్రికలో బతికే ఉంది. ఎవరు మార్చారు? రచయితా, ప్రచురణకర్తా, పాఠకుల ఉత్తరాలా? ఆ రాత్రి చీరాల స్టేషన్లో రైలు కోసం కూర్చుని, నాకు అర్థం కానిదేమిటో మొదటిసారి కాగితం మీద రాసుకున్నాను. మూడు వాక్యాలు. ఆ తర్వాత ఐదేళ్లూ రాసిన నాలుగు వందల పేజీలూ ఆ మూడు వాక్యాల వెంట నడిచినవే.

ప్రతులు పోల్చి చూస్తే ప్రశ్న పుడుతుందన్న మాట కొత్తదేమీ కాదు. కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయింది, 1909లో మరోసారి. రెండోసారి గురజాడ చేసింది దిద్దుబాటు కాదు, దాదాపు కొత్త నాటకమే రాశారు. మధురవాణి అంత ఎత్తుకు ఎదిగింది ఆ రెండో కూర్పులోనే. రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నవాడికి ప్రశ్నలు వాటంతటవే పుడతాయి. బజారులో దొరికే ఒక్క ప్రతే చదివినవాడికి ప్రశంసలు పుడతాయి. మన సిద్ధాంత గ్రంథాల్లో సగం ప్రశంసలే కావడానికి కారణం ఇదేనని నా అనుమానం.

నవల మీద వచ్చిన ఏ సిద్ధాంత గ్రంథమైనా తెరవండి. మొదటి అధ్యాయం రచయిత జీవితం, వంశవృక్షంతో సహా. రెండో అధ్యాయం తెలుగు నవల ఆవిర్భావ వికాసాలు. 1872లో శ్రీరంగరాజ చరిత్ర, 1878లో రాజశేఖర చరిత్ర, అక్కడ మొదలుపెట్టి అరవై పేజీలు. నేను పరీక్షకుడిగా ఈ అధ్యాయాన్ని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. చివరి అధ్యాయం 'ఉపసంహారం' మూడు పేజీలు. కృతజ్ఞతలు ఐదు పేజీలు. తేలిందేమిటయ్యా అని మౌఖిక పరీక్షలో అడిగితే, "ఫలానావారు గొప్ప రచయిత అని తేలింది సార్" అంటారు. ఆ సంగతి ముందే తెలియకపోతే ఆయన మీద పరిశోధనకు అనుమతి ఎందుకిచ్చారు!

మన శాఖల్లోనే ఇంకో రకం పని జరిగింది. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాల మీద పరిశోధన చేసి 1956లో ఉస్మానియా నుంచి డాక్టరేట్ పొందారు. తెలుగు శాఖలంటే ప్రబంధాలూ ఛందస్సూ అనుకునే రోజులవి. పల్లెల్లో ఆడవాళ్లు దంచుతూ విసురుతూ పాడుకునే పాటలు విశ్వవిద్యాలయం గడప దాటాయంటే అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న ఆయన అడిగారు కాబట్టి. కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊర్ల పేర్లు తీసుకున్నారు. బస్సు కిటికీలోంచి మనం రోజూ చదివే బోర్డులే అవి. వెల్చేరు నారాయణరావుగారి సిద్ధాంత గ్రంథం 'తెలుగులో కవితా విప్లవాల స్వరూపం'. శీర్షికలోనే వాదం ఉంది. ఒప్పుకోనివాళ్లు ఇప్పటికీ దానితో తగాదా పడుతూనే ఉన్నారు, పుస్తకం వచ్చి నలభై ఏళ్లు దాటినా. మనలో ఎంతమంది సిద్ధాంత గ్రంథాలతో ఎవరైనా తగాదా పడ్డారు? నాదానితో ఎవరూ పడలేదు. ఆ దిగులు ఉంది నాకు.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంగతి కొంచెం తీరుబడిగా చెప్పాలి. మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో ఆయన సంపాదకత్వంలో వచ్చింది. నాగలి ఒక్కటే అనుకుంటాం మనం. దానికి మేడి ఉంది, కర్రు ఉంది, నొగ ఉంది, కాడి ఉంది. జిల్లా మారితే కొన్ని పేర్లు మారతాయి. ఏ పేరు ఎక్కడ ఆగిపోయి మరో పేరు మొదలవుతోందో రైతుల నోటి నుంచి సేకరించి చూసుకుంటూ పోతే, తెలుగు నాలుగు మాండలిక మండలాలుగా తేలింది. కళింగాంధ్ర, కోస్తా, రాయలసీమ, తెలంగాణ. ఆ గీతలు గీసింది నాగళ్లూ కాడులూ. రెండో సంపుటం 1971లో చేనేత పదాలతో వచ్చింది. పడుగు, పేక, ఆసు, కండె తెలిసిన నేతగాళ్లు ఇవాళ ఎన్ని ఇళ్లలో మిగిలారో చేనేత ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు మీరే చెప్పాలి. ఆ పని మళ్లీ చేయొచ్చు, చేయాలి కూడా. ట్రాక్టరు వచ్చాక రైతు మాట ఏమైంది? వరికోత యంత్రానికి కరీంనగర్లో ఏమంటున్నారు, శ్రీకాకుళంలో ఏమంటున్నారు? నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. కాళ్లు సహకరించడం లేదు.

కృష్ణమూర్తిగారి డాక్టరేట్ 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వచ్చింది. అది 1961లో 'తెలుగు వెర్బల్ బేసెస్' పుస్తకమైంది. అమెరికా వెళ్లడం గొప్పని చెప్పడానికి దీన్ని ఎత్తలేదు. తమిళులు ఉరల్ అంటారు, మనం రోలు అంటాం. వాళ్లు ఇరండు, మనం రెండు. వాళ్లకు ఉళ్, మనకు లో. ముందున్న అచ్చు, దాని వెనక హల్లు చోటు మార్చుకున్నాయి. ఈ తారుమారు ఎప్పుడు జరుగుతుంది, ఎప్పుడు జరగదు, అన్నదానికి ఆయన సూత్రం చెప్పారు. తెలుగొక్కటే వచ్చినవాడికి రోలు ఎప్పటికీ రోలుగానే ఉంటుంది. అందులో ప్రశ్న కనపడదు. పక్కింటి రోలు చూస్తేనే కనపడుతుంది.

అందుకే నాకు ఢిల్లీ, అలీగఢ్ విశ్వవిద్యాలయాల్లో తెలుగు చదివే పిల్లలంటే కాస్త అసూయ. అక్కడ తెలుగు ఆధునిక భారతీయ భాషల శాఖలో ఒక భాగం. పక్క గదిలో తమిళమో బెంగాలీయో నడుస్తూ ఉంటుంది. ఇక్కడ మనకు పక్క గదిలోనూ తెలుగే. హైదరాబాదులో పుట్టి పెరిగి ఉర్దూ లిపి చదవలేని తెలుగు పరిశోధకులను చూశాను. మదనపల్లెలో ఉండి కన్నడ పుస్తకం ముట్టనివాళ్లనూ చూశాను. నవల మీద ఆ అరవై పేజీల అధ్యాయం రాసే కాలంలో ఇంకో భాష అక్షరాలు పట్టుబడతాయి. పర్యవేక్షకులారా, ఆ అధ్యాయం కొట్టేసి ఈ పని అప్పగించండి.

కడుపు సంగతి కూడా చెప్పాలి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) వచ్చినవాడికి 2023 జనవరి నుంచి నెలకు 37,000. రెండేళ్ల తర్వాత 42,000. అది రానివాడికి కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అయితే 8,000. ఆ డబ్బుతో వేటపాలెం ఎన్నిసార్లు వెళ్లగలడు? మద్రాసు ప్రాచ్య లిఖిత భాండాగారంలో, తంజావూరు సరస్వతీ మహల్లో పది రోజులుండి తాళపత్రాలు చూడగలడా? వాడు దొరికిన ఐదు పుస్తకాలు ముందేసుకుని 'పరిశీలన' రాస్తే వాడినే తిట్టలేం. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం మూడేళ్లకు తక్కువ కాకుండా, ఆరేళ్లలో ముగించాలి. గడువు చెప్పినవాళ్లు రైలు ఖర్చు చెప్పలేదు.

ఇంకో చిన్న ఫిర్యాదు. ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో మన సిద్ధాంత గ్రంథాలున్నాయి, సంతోషం. కానీ చాలావరకు ఫొటోలుగా ఉన్నాయి. లేదా యూనికోడ్ కాని అను ఫాంట్లలో కొట్టినవి, ఒక వాక్యం కాపీ చేస్తే చెత్తగా పడేవి. ఒక మాట కోసం వెతకాలంటే ఒక్కొక్క పేజీ తిప్పాల్సిందే. సాఫ్ట్‌వేర్‌కు ఫొటోలో అక్షరం కనపడదు కాబట్టి చౌర్యం సున్నా శాతమని సర్టిఫికెట్ వస్తుంది. 2018 యూజీసీ నిబంధనల్లో పది శాతం దాకా మినహాయింపు. మనం సున్నాతో ఎంత గర్వంగా ఉన్నామో! దయచేసి యూనికోడ్‌లో రాయండి. మీ పుస్తకంలో తప్పు ఉంటే పదేళ్ల తర్వాత పుట్టుకొచ్చేవాడికి దొరకాలి.

పాత కాగితం ఏం చేయగలదో చెప్పి ఆపేస్తాను. 1910లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' తొలి కథ అని మేం చదువుకున్నాం, పరీక్షలో రాశాం, పిల్లలకు చెప్పాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే హిందూసుందరి పత్రికలో అచ్చయింది. ఆమె 1905లోనే పోయింది. ఎవరో పత్రికల కట్టలు విప్పి మళ్లీ బయటికి తెచ్చేవరకూ ఆ కథ అచ్చులోనే ఉంది, మన పాఠాల్లో లేదు. తొలి కథ ఏది అన్న తగువు ఇంకా తెగలేదు. కథ అంటే ఏమిటో ముందు తేల్చుకోకుండా తెగదు కూడా. ఎనిమిదేళ్లు తేడా ఉన్న ఆ రెండు పేర్ల మధ్య కనీసం పది పిహెచ్.డి.లకు సరిపడా ప్రశ్నలున్నాయి. ఆ పత్రికలకు ఎవరు చందా కట్టారు, ఆడవాళ్లు ఎక్కడ కూర్చుని చదివారు, సంపాదకుడు ఎక్కడ కత్తెర వేశాడు? 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి సంచికలు మన దగ్గరున్నాయి. వాటినెవరూ ఇంకా పూర్తిగా తోడలేదు.

ఇక పత్రాలు. మొదటి ముగ్గురూ రండి. మీ పత్రం ఎత్తుకునే ముందు, మీకు అర్థం కానిదేమిటో ఒక్క వాక్యంలో చెప్పండి. అది చెప్పాక పదిహేను నిమిషాలు. గంట నా దగ్గరే ఉంది, కొట్టడానికి మొహమాటపడను.