వడిసెలయు, కార్బైడు తుపాకియు



మన ఇంద్రేశమునకు చేరువనే ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారము గలదు. 1984లో స్థాపింపబడిన ఆ కర్మాగారమున పదాతిదళమును యుద్ధభూమికి గొనిపోవు ‘సారథ్’ కవచ శకటములు తయారగుచున్నవి. ఇట్టి తావున పెరుగు బాలురు అట్టముక్కలతో శకటములను, వెదురు బొంగులతో తుపాకులను చేసికొని ఆడుట వింత గాదు. చూచినదానిని తన చేత చేసి చూడగోరుట బుద్ధికి లక్షణమే గాని దోషము గాదు.

మన పల్లెలకు ఈ విద్య క్రొత్తదియు గాదు. వడిసెలను తలపోయుడు. నారతాడు, నడుమ రాయి నిలుచుటకు చిన్న అల్లిక, ఇంతియే దాని నిర్మాణము. గిరగిర త్రిప్పి ఒక కొనను విడిచినచో రాయి దూరమున కెగురును. జొన్నచేని మంచెపై నిలిచి పిట్టలను తోలుటకై రైతు దీనిని వాడుకొనెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియైన పిమ్మట తెలంగాణమున రగిలిన పోరాటమున ఆ వడిసెలయే పల్లెకు ఆయుధమయ్యెను. ఇంటి కారపుపొడియు, రోకలియు స్త్రీల చేతులలో ఆయుధములయ్యెను. ఆ ప్రజలకు ఆయుధశాల లేదు. చేతనున్న వస్తువు గుణము మాత్రము తెలియును.

నేటి కొన్ని చేతిపనులలో లోపించినది ఆ ఎరుకయే. 2025 దీపావళి నాళ్లలో మధ్యప్రదేశమున ప్లాస్టిక్ గొట్టములతో చేసిన కార్బైడు తుపాకులు ప్రేలి నూరుమందికి పైగా కన్నులు గాయపడినవి. కొందరు పిల్లలు చూపునే కోల్పోయిరి. కార్బైడు నీటితో కూడినపుడు పుట్టునది ఎసిటిలీను. మన కార్ఖానాలలో ఇనుమును కోయుటకు, అతుకుటకు వాడు వాయు వదియే. అచ్చట దానికి ఉక్కు సిలిండరు, పీడనమాపకము, పనివాని కన్నులకు నల్లద్దములు గలవు. బాలుని చేతనో, పెళుసు గొట్ట మొక్కటియే. ప్రేలకున్నచో ఏమైనదో యని అతడు లోనికి తొంగిచూచును. అపుడే అది ప్రేలును.

కావున ఏమి చేయవలెను? బాలుని చేతిసుత్తిని లాగికొనుట మార్గము గాదు. చాటున చేయు పని మరింత కీడు తెచ్చును. పటాన్‌చెరువు కార్ఖానాలలో లేతు త్రిప్పువారు, వెల్డింగు చేయువారు మన వీధులలోనే కాపురముండిరి. వారు ఆదివారమున ఒక్క గంట ఈ బాలుర కొసగవలెనని కోరుచున్నాము. శకటము చేయగోరువానికి చిన్న మోటారు నిచ్చి, గొలుసుపట్టీ చక్రములపై ఎట్లు పారునో చూపుడు. విసరుయంత్రము చేయగోరువానికి గుడ్డ ఉండ నిచ్చి, దూరము కొలువ నేర్పుడు. మందుగుండు, మండు వాయువు గల పని యెద్దియు ఇంట కూడదని నిక్కచ్చిగ చెప్పుడు. వర్తకులు బాలురకు కార్బైడు అమ్మరాదు.

చేయి నేర్చిన బాలుడు ఊరికి ధనము. వాని కన్నులను కాచుట ఊరి విధి.