భీమునిపట్టణపు తీరమున మన తెలుగు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనది గుట్టల సీమ. గుడిబండె కోట ఎక్కి చూచినచో నలుదిక్కుల బండలును, క్రింద బైరసాగరమును కానవచ్చును. వానలు కురిసి ఆ చెరువు నిండిన యేడు మన పిల్లలకు అదియే సముద్రము. వారికి నిజమైన సముద్రమును చూపవలెనని నాలుగు కుటుంబములవారము హిందూపురమున రైలెక్కి, విశాఖపట్టణము చేరి, అచ్చటినుండి భీమునిపట్టణమునకు పోయి వచ్చితిమి. ఆ యూరిని గూర్చి చెప్పుడని మీరు కోరినందున ఈ నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఒకప్రక్క ఇసుకతీరము, మరియొకప్రక్క ప్రాచీనమైన పాతపేట గల పట్టణములను చూచుటకై లోకులు మధ్యధరా సముద్రముదాక పోవుదురు. అట్టి యూరు మన తెలుగునేలమీదనే కలదు. ఆ దూరపు సముద్రమునకును ఈ తీరమునకును పూర్వము సంబంధము కూడ నుండెను. విశాఖనుండి భీమిలికి పోవు దారిలో తొట్లకొండ యను బౌద్ధక్షేత్రమున్నది. 1976లో నౌకాదళమువారి సర్వేక్షణలో అది బయటపడెను. తరువాత జరిగిన త్రవ్వకములలో శాతవాహనుల సీసపు నాణెములతోపాటు రోమకుల వెండి నాణెములును దొరకినవి. ఓడలు ఎంతదూరమునుండి వచ్చినవో ఆ నాణెములే సాక్ష్యము. మరికొంత ముందునకు పోగా ఎఱ్ఱమట్టి దిబ్బలు. గాలియు వానయు మలచిన ఆ దిబ్బలను చూచి మా పిల్లలు మన చేలగట్లు జ్ఞాపకము వచ్చెననిరి.

భీమిలిలో గోస్తనీనది సముద్రమున కలియును. అనంతగిరి కొండలలో పుట్టిన యేరు అచ్చట ఉప్పునీటిలో లీనమగుట చూడదగిన దృశ్యము. ఊరిపై పావురాలకొండ, దానిపై బౌద్ధుల కట్టడముల శిథిలములు; తీరమున దీపస్తంభము; ఇసుకలో పడవలు, ఆరవేసిన వలలు. 1861లోనే పురపాలక సంఘము ఏర్పడిన యూరది.

తీరమున చేపలమ్ముకొను ఒక ముదుసలి మా మాటలాలకించి, “ఏ ఊరు బాబూ మీది?” అని అడిగినది. కర్ణాటకమని చెప్పితిమి. ఆమె మెచ్చుకొని, “తెలుగు బాగానే నేర్చుకున్నారే!” అన్నది. మేము నవ్వితిమి. తాతముత్తాతలనుండి ఇంట పలుకుచున్న భాషను నేర్చుకొన్నవారమైతిమి! ఆ నవ్వు పాతపేట చేరువరకు నిలువలేదు.

పాతపేటలో డచ్చివారి శ్మశానవాటిక యున్నది. 17వ శతాబ్దమున హాలెండునుండి వర్తకమునకు వచ్చినవారు అచ్చట స్థిరపడిరి. 1824 నాటి ఒడంబడికను బట్టి 1825లో ఆ స్థలము ఇంగ్లీషువారి వశమైనది. కోటలు పోయినవి, సరకుల కొట్లు పోయినవి. గోపురములవలె నిలిచిన సమాధులును, వాటి రాళ్లపై వారి భాషలో చెక్కిన అక్షరములును మిగిలినవి. ఆ యక్షరములను చదువువారు ఆ వీథిలో ఒక్కరును మాకు కనబడలేదు.

అచ్చట నిలిచి మేము మన గుడిబండెను తలచుకొంటిమి. అక్కడ అక్షరములున్నవి, పలుకువారు లేరు. ఇక్కడ పలుకువారున్నారు, అక్షరములు జారిపోవుచున్నవి. మన యిండ్లలో లాలిపాట తెలుగు, తగవు తెలుగు, పెండ్లిమాట తెలుగు. కైవారము తాతయ్య కన్నడముననే కాక తెలుగునను రచనలు చేసెను. మన ముసలివారు వాటిని కంఠతః పాడుదురు. కాని ఆ తత్త్వములనే పుస్తకమున చూపి చదువుమన్నచో మన పిల్లలలో ఎందరు చదువగలరు?

దోషము వారిది కాదు. బడిలో కన్నడము చదువుట మన ధర్మము. ఈ నేల మనకు అన్నము పెట్టినది. కన్నడము వచ్చినవానికి తెలుగు లిపి పరాయిది కాదు. భీమిలిలో మాతో వచ్చిన యొక పిల్లవాడు బోర్డుమీది “భీమిలి” యను మాటను ఎవరును చెప్పకయే చదివెను. ప్రక్కనున్న “తీరము”నొద్ద ఆగిపోయెను. తకారము కన్నడమున వేరుగ నుండును గదా! ఆ యొక్క అక్షరము చెప్పగానే సాగిపోయెను. క, చ, త, శ వంటి కొన్ని యక్షరములును, తలకట్టును తెలిసినచో మిగిలినది దాదాపు వచ్చినట్లే. ఆ రెండు లిపులు ఒకతల్లి బిడ్డలు.

కావున మాదొక మనవి. వారమునకొక గంట, ఆదివారము ప్రొద్దున, మన సంఘము పక్షమున పిల్లలకు తెలుగక్షరములు నేర్పుదము. బోధించుటకు మాలో ఇద్దరము సిద్ధముగా నున్నాము. పెద్దలు తమకు వచ్చిన పాటలను, సామెతలను, తత్త్వములను చెప్పవలెను. పిల్లలు వాటిని తమ చేతులతో తెలుగున వ్రాసికొనవలెను. వారికి అదియే పాఠ్యపుస్తకమగును.

మరల ఎప్పుడైన భీమిలికి పోయినప్పుడు ఆ యవ్వ, “తెలుగు ఎక్కడ నేర్చుకున్నారు?” అని యడిగినచో, “మా యింటిలో, అవ్వా, వ్రాయుట మాత్రము మా సంఘమున” అని మన పిల్లలు చెప్పవలెనని మా కోరిక.