పాత కారు – రెండు రిజిస్టర్లు
(కాకినాడలో మన సొసైటీ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకొనేవారము. ఇటువంటి సభలలో చదువుల గురించీ, స్కాలర్‌షిప్పుల గురించీ మాట్లాడటమే మాకు అలవాటు. ఈసారి కార్యవర్గం వారు “మాస్టారూ, పాత కార్లకు కొత్త తాళం చెవి చేయించుకొనే సంగతి చెప్పండి” అన్నారు. విని కొందరు నవ్వారు కూడాను. కాని మన సభ్యులలో సెకండ్ హ్యాండ్ కారు కొని, కిరాయికి తిప్పుకొని ఇల్లు నడుపుకొనేవారు చాలామంది వున్నారు. పిల్లల కోసం, పెద్దల ఆసుపత్రి అవసరాల కోసం పాత కారు కొన్న చిరుద్యోగులూ వున్నారు. వారికి ఇది నవ్వులాట కాదు, అన్నం పెట్టే విషయం.

ఉర్దూలో మనం చాబీ అంటాము. అది పోర్చుగీసు వారి మాట నుంచి వచ్చి మనలో కలిసిపోయినది. కుంజీ అని కూడా అంటాము. అయితే మా విద్యార్థులకు కుంజీ అంటే పరీక్షల గైడు మాత్రమే! బజారులో గొడుగు కింద కూర్చుని, ఆకురాయితో అరగదీసి, పది నిమిషాలలో మారు తాళం చేసి యిచ్చే సాయిబులను మనందరం చిన్నప్పటి నుంచి ఎరుగుదుము. 1983 డిసెంబరులో ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ గారు మొట్టమొదటి మారుతీ 800 కారు తాళాలను ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ గారికి అందజేశారు. ఆ తాళం కూడా ఒట్టి లోహపు ముక్కే. ఆకురాయి పట్టగల ఏ సాయిబు అయినా దానికి జోడు చేసి యివ్వగలడు.

ఇప్పటి తాళం అలాంటిది కాదు. ఒకే ప్లాస్టిక్కు పిడిలో మూడు వస్తువులు వుంటాయి. ఈ మూడింటికీ తేడా తెలియకనే మనవాళ్ళు ఎక్కువగా మోసపోతున్నారు. కాబట్టి కొంచెం ఓపికగా వినవలసినదిగా మనవి.

మొదటిది ఇనుప నాలుక. అది తలుపు తాళాన్నీ, స్టీరింగు దగ్గర తాళాన్నీ తిప్పుతుంది. రెండవది రిమోటు. మీట నొక్కితే తలుపులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. దీనికి బిళ్ళ బ్యాటరీ కావాలి. మూడవది కంటికి కనపడని చిన్న చిప్పు. దీనికి బ్యాటరీ అక్కరలేదు. మనం తాళం పెట్టి తిప్పినప్పుడు, తాళం చుట్టూ వున్న తీగ చుట్ట నుంచి దానికి కావలసిన శక్తి అందుతుంది. అప్పుడది కారు కంప్యూటరుకు జవాబు చెబుతుంది. జవాబు సరిపోతేనే ఇంజను నడుస్తుంది. లేకపోతే స్టార్టరు తిరిగినా ఇంజను అందుకోదు, లేదా అందుకొని వెంటనే ఆగిపోతుంది. చాలా బండ్లలో అప్పుడు డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ దీపం మిణుకుమిణుకుమంటుంది.

దీనివలన లాభం వున్నదా అంటే, వున్నది. ఐరోపా దేశాలలో 1998 నాటికి కొత్త కార్లన్నింటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఒకప్పుడు మన జగన్నాథపురంలో వర్తకం చేసిన డచ్చివారి దేశంలో దీని మీద పరిశోధన జరిగింది. అక్కడ 1995 నుంచి 2008 వరకు లెక్కలు తీసి చూస్తే, ఈ ఏర్పాటు వలన కారు దొంగతనాలు సుమారు 40 శాతం తగ్గినట్లు తేలింది. కాబట్టి ఈ చిప్పు మనకు శత్రువు కాదు. దాని పద్ధతి తెలుసుకోవాలి, అంతే.

ఆ పద్ధతిని మా బడి భాషలో చెబుతాము. ప్రతి తరగతికీ ఒక హాజరు రిజిస్టరు వుంటుంది కదా. కారు కంప్యూటరులోనూ అటువంటి రిజిస్టరు ఒకటి వున్నది. అందులో ఏయే తాళాల పేర్లు వున్నవో వాటికే హాజరు పడుతుంది. కొత్త తాళాన్ని ప్రోగ్రాం చేయడమంటే ఆ రిజిస్టరులో కొత్త పేరు రాయడమే. బజారులో అచ్చు గుద్దినట్లు నాలుక కోయించి తెచ్చినా, రిజిస్టరులో పేరు ఎక్కకపోతే అది తలుపు తీస్తుందే తప్ప బండిని నడపదు. పక్క బడి పిల్లవాడు మన యూనిఫారం తొడుక్కొని వచ్చినంత మాత్రాన మన విద్యార్థి అవుతాడా?

మరి పేరు రాసేదెవరు? స్టీరింగు కింద, మోకాళ్ళ దగ్గర, ఒక సాకెట్టు వుంటుంది. మెకానిక్కు తన యంత్రాన్ని దానికి తగిలించి, కారు కంప్యూటరుతో మాట్లాడతాడు. చాలా బండ్లకు ఒక రహస్య సంఖ్య కూడా కావాలి. అది హెడ్మాస్టరు సంతకం వంటిది. ఆ సంతకం పడిన తరువాత, ఒక్కొక్క తాళాన్నీ పెట్టి తిప్పుతూ పేర్లు ఎక్కిస్తాడు. అన్నీ సరిగా వుంటే ఇది నిమిషాల పని. రిమోటు మీటలను మాత్రం కొన్ని బండ్లలో విడిగా జత చేయవలసి వుంటుంది. “ఇంజను నడిచింది కదా” అని వచ్చేయకుండా, మీటలు కూడా నొక్కి చూసుకోవాలి.

ఇక్కడ బడి పద్ధతికీ కారు పద్ధతికీ ఒక తేడా వున్నది. చాలా బండ్లలో కొత్తగా పేర్లు ఎక్కించేటప్పుడు పాత పేర్లన్నీ కొట్టివేసి మళ్ళీ రాస్తారు. ఆ సమయానికి ఎదురుగా లేని తాళం పేరు పోతుంది. కాబట్టి కొత్త తాళం చేయించబోయేటప్పుడు ఇంట్లో వున్న తాళాలన్నీ వెంట తీసుకువెళ్ళాలి. ఒకటి బీరువాలో పెట్టి వెళితే, తిరిగి వచ్చేసరికి అది పనికిరానిదై వుండవచ్చును.

ఇదే సంగతి పాత కారు కొన్నవారికి గొప్ప మేలు కూడా. ఎందుకంటే మనకంటె ముందు ఆ కారును నడిపినవారు ఎందరో, వారి దగ్గర ఎన్ని తాళాలు మిగిలి వున్నవో మనకు తెలియదు. మొదటి యజమాని, ఆయన డ్రైవరు, ఆయన అల్లుడు, మధ్యలో బ్రోకరు! రిజిస్టరులో వారి తాళాల పేర్లు అలాగే వుంటే, అర్ధరాత్రి మన వీధిలోకి వచ్చి దర్జాగా బండి తీసుకుపోవచ్చును. అందరూ దొంగలని మేము అనడం లేదు. టి.సి. తీసుకొని వెళ్ళిపోయిన పిల్లవాడి పేరు రిజిస్టరులో వుంచరాదని మాత్రమే అంటున్నాము.

మా బడిలో చదివే ఒక పిల్లవాని తండ్రికి జరిగినది చెబుతాము. ఆయన అప్పు చేసి ఆరేళ్ళ పాత కారు కొన్నాడు. తాళం ఒక్కటే యిచ్చారు. “రెండోది ఇంట్లో ఎక్కడో పడింది, దొరికితే పంపిస్తా” అన్నాడు అమ్మినవాడు. పేరు మార్పిడి కాగితాలు కూడా “వచ్చే నెల చూద్దాంలే” అనుకున్నారు. ఒక ఆదివారం కిరాయి మీద ఉప్పాడ బీచికి వెళితే, అలల దగ్గర ఆ ఒక్క తాళమూ జారిపోయింది. ప్రయాణీకులు ఆటోలో తిరిగి వచ్చారు. కారు రాత్రంతా రోడ్డు పక్కనే వున్నది. మరునాడు లారీ మీద వర్క్‌షాపుకు చేర్చితే, “ఆర్.సి. మీ పేరు మీద లేదు, యజమాని సంతకం తెండి” అన్నారు. ఆ యజమాని మరో వూళ్ళో వున్నాడు, ఫోను ఎత్తడు. మొత్తం పదకొండు రోజులు బండి కదలలేదు. కిరాయిలు పోయినవి, అప్పు వాయిదా తప్పినది, తాళం ఖర్చు వేరే.

వర్క్‌షాపు వారి మీద ఆయనకు చాలా కోపం వచ్చింది. మాకూ విన్నప్పుడు వచ్చింది. కాని నిదానంగా ఆలోచిస్తే, వారు అలా అడగటమే మన కార్లకు కాపలా. అడగకుండా చేసి యిచ్చేవాడు రేపు మన కారుకు ఎవరికైనా చేసి యిస్తాడు!

ఇందులో మేము గ్రహించినది ఏమిటంటే, కారు చేతులు మారినప్పుడు రెండు రిజిస్టర్లు మారాలి. ఒకటి సర్కారు వారి రిజిస్టరు. రెండవది కారు కడుపులోని రిజిస్టరు. మనం డబ్బు యిచ్చి, స్టీరింగు పట్టుకొని, మిఠాయి పంచి, పని అయిపోయిందనుకుంటాము. రెండు రిజిస్టర్లలోనూ కారు ఇంకా పాతవారిదే!

సర్కారు రిజిస్టరు సంగతి అమ్మేవారు కూడా వినాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మినట్లయితే అమ్మినవారు 14 రోజులలో రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. కొన్నవారు 30 రోజులలో తెలియజేయాలి. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పినది. అందులో కారు వరుసగా చేతులు మారినా రిజిస్టరులో పేరు మారలేదు. ప్రమాదం జరిగితే, నష్టపరిహారం బాధ్యత రిజిస్టరులో పేరున్న మొదటి ఆయన మీదనే పడినది. కాబట్టి పేరు మార్పు కొన్నవాడికి ఎంత అవసరమో, అమ్మినవాడికీ అంతే.

ఇక కొనేవారు చేయవలసినవి వరుసగా చెబుతాము. ఇంట్లో ఆడవారు కూడా గుర్తుపెట్టుకుంటే మంచిది, మగవారికి గుర్తు చేసేది వారే కదా.

బేరం ఆడేటప్పుడే “తాళాలు ఎన్ని?” అని అడగండి. ఒక్కటే అయితే, రెండవదానికి అయ్యే ఖర్చు కనుక్కొని ధరలో తగ్గించమనండి. కొన్ని కార్లకు తాళం నంబరు గల చిన్న బిళ్ళ వుంటుంది, అదీ అడిగి తీసుకోండి. దానిని తాళాల గుత్తికి తగిలించకుండా ఇంట్లో భద్రపరచండి.

కొన్న వారంలోనే, చేతిలో ఒక తాళం వుండగానే, రెండవది చేయించండి. ఒకటి వుండగా మరొకటి చేయడం తేలిక. ఒక్కటీ లేకుండా పోతే పని పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. కొన్ని బండ్లలో కంప్యూటరునే విప్పవలసి వస్తుంది. “పాత పేర్లు కొట్టివేసి, ఈ రెండే రాయండి” అని మెకానిక్కుకు స్పష్టంగా చెప్పండి. అయితే పేరు కొట్టివేసినా పాత ఇనుప నాలుక తలుపు తీయగలదు. కాబట్టి కాగితాలు, నగలు కారులో వదలవద్దు.

చవకగా దొరికిందని వేరే కారు పాత రిమోటు కొనవద్దు. చాలా చిప్పులు ఒక కారుకు రాసిన తరువాత మరో కారుకు పనికిరావు. గల్ఫు నుంచి బావమరిది తెచ్చిన రిమోటు చూడటానికి అచ్చం అలాగే వుండవచ్చు. కాని మన దేశపు కార్ల రిమోట్లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ మీద పని చేస్తాయి, కొన్ని దేశాల కార్లవి 315 మీద పని చేస్తాయి. ఆ రెండింటికీ పొత్తు కుదరదు.

రిమోటు పని చేయకపోతే వెంటనే ప్రోగ్రామింగుకు పరుగెత్తవద్దు. ముందు బిళ్ళ బ్యాటరీ మార్చి చూడండి. అది కొద్దిపాటి ఖర్చు. మన వూరిది వుప్పుగాలి. లోపలి రేకులు తుప్పు పట్టినవేమో తుడిచి చూడండి. చిన్నపిల్లల చేతికి రిమోటు యివ్వవద్దు. రిమోటు నొక్కిన ప్రతిసారీ వరుసలో తరువాతి రహస్య మాట చెబుతుంది. కారుకు దూరంగా కొద్దిసార్లు నొక్కితే కారు సర్దుకుంటుంది. మరీ ఎక్కువైతే వరుస తప్పి, మళ్ళీ జత చేయవలసి వస్తుంది. మీట నొక్కి స్టార్టు చేసే కార్లలో బ్యాటరీ అయిపోతే, లోపల దాచిన ఇనుప తాళంతో తలుపు తీసి, రిమోటును స్టార్టు మీటకు ఆనించి నొక్కితే చాలా బండ్లు లేస్తాయి. ఏ బండికి ఎక్కడ ఆనించాలో దాని పుస్తకంలో రాసి వుంటుంది.

తాళం పోయినా, దొంగిలించబడినా పోలీసు స్టేషనులో కాగితం పెట్టండి. కారు దొంగతనం జరిగితే బీమా కంపెనీ వారు తాళాలన్నీ చూపమంటారు. ఒకటి తక్కువైతే ప్రశ్నలు మొదలవుతాయి. అప్పుడు ఆ కాగితమే మనకు సాక్ష్యం. తాళం పోయినప్పటి ఖర్చు యిచ్చే అదనపు బీమా కూడా వున్నది, పాలసీ తీసుకొనేటప్పుడు అడగండి.

చివరగా ఒక మనవి సొసైటీ వారికి. గొడుగు కింద ఆకురాయి పట్టిన మన పెద్దల వృత్తి చచ్చిపోలేదు, చేతులు మారుతున్నది, అంతే. ఇప్పుడు నాలుక కోయడానికి మిషను, పేరు రాయడానికి యంత్రం, కొంచెం కరెంటు పరిజ్ఞానం, కొంచెం ఇంగ్లీషు చదవడం కావాలి. పదవ తరగతితో ఆగిపోయిన మన పిల్లలను, ఐ.టి.ఐ. చదివిన కుర్రవాళ్ళను ఇద్దరు ముగ్గురిని ఈ పనిలో పెట్టి, యంత్రం కొనుక్కొనడానికి సొసైటీ వారు చేబదులు యిస్తే, అది దానం కంటె మేలు. స్కాలర్‌షిప్పు ఒక ఏడాదికి ఆసరా, చేతి పని జీవితాంతం ఆసరా.

అయితే ఆ కుర్రవాళ్ళకు మొదటి పాఠంగా యంత్రం సంగతి చెప్పవద్దు. వచ్చినవాడి ఆర్.సి. చూడటం, గుర్తింపు కార్డు చూడటం, రెండింటి వివరాలు పుస్తకంలో రాసుకొనడం, ఇదే మొదటి పాఠంగా చెప్పండి. కాగితం లేనివాడు నాలుగింతలు యిస్తానన్నా, “వద్దు భాయ్” అని చెప్పగలవాడికే ఆ యంత్రం అప్పగించాలి. తాళం చేసేవాడి చేతిలో వూరి ఇళ్ళన్నీ వుంటాయని మన పెద్దలకు తెలుసు. అందుకనే అన్నేళ్ళపాటు వూరు వారిని నమ్మినది.

 ఇంటికి వెళ్ళగానే మీ కారు తాళాలు ఎన్ని వున్నవో ఒకసారి లెక్కపెట్టండి. ఖుదా హాఫిజ్.